నవల చదివి ఆటిజాన్ని తెలుసుకోవచ్చునా?



మన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఒకప్పుడు అరుదుగా వినిపించిన మాట ఒకటి ఇప్పుడు పిల్లల డాక్టరు దగ్గర, బడిలో, అంగన్‌వాడీలో తరచుగా వినబడుతున్నది. ఆ మాట ఆటిజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 సంవత్సరానికి కట్టిన అంచనా ప్రకారం సుమారు 127 మందిలో ఒకరికి ఇది ఉన్నది. అనగా ఆదివారం పూజకు అయిదు వందల మంది వచ్చే విచారణలో ముగ్గురో నలుగురో ఉండాలి. వారు మన బల్లలపై కనబడుతున్నారా? చాలాచోట్ల కనబడరు. ఇంటిలో ఉంటారు. వారితోపాటు తల్లి కూడా ఇంటిలోనే ఉండిపోతుంది.

"పిలిస్తే పలుకడు ఫాదర్. చెవుడు లేదన్నరు. బండి చక్రం పట్టుకొని తిప్పుకుంటనే కూసుంటడు. అందరు నన్నే అంటున్నరు" అని చెప్పుకొనే తల్లులను ఎరుగని విచారణ గురువులు ఉండరు.

ఆటిజం లక్షణాలను చెప్పే కరపత్రాలు ఆసుపత్రుల్లో దొరుకుతున్నాయి. కళ్ళలోకి చూడకపోవడం, పిలిస్తే తిరగకపోవడం, మాట ఆలస్యం కావడం, ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయడం, చప్పుడుకు చెవులు మూసుకోవడం. ఇవి తెలియడం మంచిదే. త్వరగా గుర్తిస్తే త్వరగా శిక్షణ ఇవ్వవచ్చు. కాని ఈ జాబితా అంతా బయట నిలబడి చూసిన వారి జాబితా. పిల్లవాడు ఏమి చేస్తున్నాడో అది చెబుతుంది గాని, ఆ పని చేసేటప్పుడు వాడికి లోకం ఎట్లా కనిపిస్తున్నదో చెప్పదు. ఆ రెండవది తెలుసుకోవడానికి ఒక నవల సాయపడుతుందని నా అభిప్రాయం.

నవలలు కాలక్షేపం అనుకొనే పెద్దలు మన విచారణల్లో ఇంకా ఉన్నారు. వారికి మన ప్రాంతం నుండే ఒక ఉదాహరణ చెబుతాను. ఉమ్మడి వరంగల్ జిల్లా వావిలాలకు చెందిన నవీన్ గారు 1969లో 'అంపశయ్య' అనే నవల ప్రచురించారు. ఆ పుస్తకం పేరే ఆయన ఇంటి పేరయిపోయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకొనే రవి అనే పల్లెటూరి విద్యార్థి ఒక్క రోజు జీవితమే అందులో ఉన్నది. బయట జరిగేది చాలా తక్కువ. లోపల జరిగేదంతా పుస్తకమే. రవిని బయటి నుండి చూసిన వార్డెను పిరికివాడు, చదువు మీద శ్రద్ధ లేనివాడు అని ఒక్క మాటలో తేల్చివేయవచ్చు. నవల చదివినవాడు మాత్రం ఆ మాట అనలేడు. అతని తలలో ఉదయం నుండి రాత్రి దాకా కాపురమున్నాడు కనుక.

ఆటిజం విషయంలో ఇటువంటి పని చేసిన నవల ఇంగ్లీషులో ఉన్నది. ఇంగ్లండుకు చెందిన మార్క్ హాడన్ 2003లో రాసిన 'ద క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ద డాగ్ ఇన్ ద నైట్-టైమ్'. ఆ సంవత్సరపు విట్‌బ్రెడ్ బహుమతి దీనికే వచ్చింది. కథ చెప్పేవాడు పదిహేనేళ్ళ క్రిస్టఫర్. స్విండన్ అనే పట్టణంలో తండ్రితో ఉంటాడు. తల్లి చనిపోయిందని తండ్రి చెప్పాడు. ఒక అర్ధరాత్రి పొరుగింటి కుక్కను ఎవరో తోటపని ముళ్ళగొర్రుతో పొడిచి చంపారు. ఎవరు చంపారో తానే కనిపెట్టాలని క్రిస్టఫర్ బయలుదేరుతాడు. ఆ వెదుకులాటలో తల్లి రాసిన ఉత్తరాలు బయటపడతాయి. ఆమె చనిపోలేదు, లండన్‌లో ఉన్నది. కుక్కను చంపినవాడు కన్నతండ్రే. తన వీధి దాటి ఒంటరిగా ఎక్కడికీ పోని ఆ పిల్లవాడు రైలెక్కి లండన్ పోతాడు. స్థూలంగా ఇదీ కథ. ఆటిజం అనే పేరు పుస్తకం లోపల ఎక్కడా రాదు.

మొదటి పుటల్లోనే ఒక సంఘటన ఉన్నది. చచ్చిన కుక్కను పట్టుకొని కూర్చున్న క్రిస్టఫర్‌ను పోలీసు ప్రశ్నల మీద ప్రశ్నలు అడుగుతాడు. ఒక ప్రశ్నకు జవాబు దొరకకముందే మరొకటి వచ్చి పడుతుంది. తలలో ఖాళీ లేక పిల్లవాడు నేల మీదికి వంగి నుదురు గడ్డికి ఆనించి మూలుగుతాడు. పోలీసు చేయి పట్టి లేపబోతాడు. పిల్లవాడు కొడతాడు. పోలీసు నివేదికలో ఇది 'అధికారిపై దాడి'. మన ఊరి మాటలో 'పొగరు'. చదివేవారికి మాత్రం తెలుసు, ఇక ఒక్క మాట, ఒక్క స్పర్శ కూడా పట్టనంతగా తల నిండిపోయిందని.

రైల్వే స్టేషను ఘట్టం ఇంకా గొప్పది. మనం మంచిర్యాల స్టేషనులోనో కరీంనగర్ బస్టాండులోనో అడుగుపెట్టినప్పుడు అక్కడున్న వాటిలో నూటికి తొంభై పాళ్ళు చూడము, వినము. మైకులో ప్రకటన, చాయ్ కేక, హారను, గోడ మీద ప్రకటనలు, పక్కవాడి సెల్‌ఫోను పాట అన్నిటినీ మన మెదడు మనకు చెప్పకుండానే పక్కకు నెట్టి, మన బస్సు నిలిచే చోటు ఒక్కటే ముందుకు తెస్తుంది. క్రిస్టఫర్‌కు ఆ వడపోత లేదు. ప్రతి బోర్డు, ప్రతి అక్షరం ఒకే బలంతో వచ్చి మీద పడతాయి. రచయిత ఒకచోట ఆ బోర్డుల మీది మాటలన్నిటినీ పుట నిండా కలగాపులగంగా అచ్చు వేయించాడు. ఆ పుట చూస్తే మనకే కళ్ళు తిరుగుతాయి.

ఇప్పుడు మన దేవాలయానికి రండి. పండుగ పూజ. గాయక బృందానికి రెండు పెద్ద స్పీకర్లు, డోలకు, తాళాలు, కీబోర్డు. రేకుల కప్పు కింద ఫ్యాన్ల రొద. సాంబ్రాణి పొగ. పట్టు చీరల గరగర. మల్లెల వాసన. ఎలివేషను సమయంలో ఒక్కసారిగా గంట. మూడవ వరుసలో ఒక పిల్లవాడు చెవులు మూసుకొని కేక పెట్టాడు. అందరి తలలూ తల్లి వైపు తిరిగాయి. బొగ్గుబావుల ఊళ్ళలో, గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లిలో షిఫ్టు సైరను మోగినప్పుడు ఇటువంటి పిల్లలు ఎట్లా ఉంటారో తల్లులను అడిగి చూడండి. ఆ సైరను మనకు గడియారం. వారికి అది చెవిలో దిగే మేకు కావచ్చు. స్పీకరు శబ్దం సగానికి తగ్గిస్తే ఆరాధనకు వచ్చే లోటేమీ లేదు. నిజం చెప్పాలంటే పెద్దలకు కూడా కొంత ఉపకారమే.

క్రిస్టఫర్‌కు మరొక ఇబ్బంది ఉన్నది. ఉపదేశులు, సత్యోపదేశం చెప్పే సిస్టరమ్మలు ఈ భాగాన్ని శ్రద్ధగా చదవాలని కోరుతున్నాను. అతడికి రూపకాలంకారం అంటే గిట్టదు. ఒక వస్తువు కానిదాన్ని ఆ వస్తువు అనడం అతడి దృష్టిలో అబద్ధం. మన భాషలో మనం రోజూ ఎన్ని అలంకారాలు వాడుతున్నామో గమనించండి. కడుపులో ఎలుకలు పరుగెత్తుతాయి. గుండె చెరువవుతుంది. పిల్లలు తల తింటారు. కోడలికి నోట్లో నాలుక ఉండదు. మాటను ఉన్నది ఉన్నట్లు తీసుకొనే పిల్లవాడు ఇవి విని భయపడితే వాడిది తెలివితక్కువతనమా? వాడు భాషను మనకంటే గౌరవంగా నమ్ముతున్నాడు, అంతే.

ఇక సత్యోపదేశంలో మనం ఏమి చెబుతున్నాము? ప్రభువు గొర్రెపిల్ల, ప్రభువు ద్రాక్షవల్లి, ప్రభువు ద్వారము, మీరు లోకానికి ఉప్పు. వీటి తరువాత వెంటనే, అప్పము నిజముగా ప్రభువు శరీరము అని చెబుతాము. మొదటివి పోలికలు, చివరిది పోలిక కాదు. ఈ తేడాను మామూలు పిల్లలకు కూడా మనం సరిగా చెప్పడం లేదు. ఆటిజం ఉన్న పిల్లవాడు అడిగే ప్రశ్న మనలను ఆ పని సరిగా చేయమంటున్నది. ప్రథమ దివ్యసత్ప్రసాదానికి ఇటువంటి బిడ్డను సిద్ధం చేసేటప్పుడు పోలికలు తగ్గించి, చేతితో చూపగలిగినవి చూపి, ఏది మొదట ఏది తరువాత జరుగుతుందో బొమ్మలు వరుసగా పేర్చి చెప్పాలి. ఖాళీ దేవాలయంలో రెండు మూడుసార్లు నడిపించి చూపాలి. ప్రతిష్ఠించని అప్పాన్ని ముందుగానే రుచి చూపాలి. నాలుకకు కొత్త స్పర్శ అంటేనే కొందరు బిడ్డలకు దడ.

నవలలో ఒక పాస్టరు కూడా ఉన్నాడు. స్వర్గం ఎక్కడున్నది అని క్రిస్టఫర్ అడుగుతాడు. అది మన విశ్వంలో లేదు, వేరొక రకమైన చోటు అంటాడాయన. విశ్వం బయట చోటు అనేదే లేదు కదా అంటాడు పిల్లవాడు. చనిపోయినవారు దేవుని దగ్గర ఉన్నారని దాని భావం అంటాడాయన. అయితే దేవుడెక్కడున్నాడు? తీరిక ఉన్నప్పుడు ఇంకొక రోజు మాట్లాడుకుందాం అని పాస్టరు ముగిస్తాడు. స్వర్గం లేదనే క్రిస్టఫర్ నిర్ణయించుకుంటాడు. ఇది చదివి నేను పుస్తకం మూసివేయలేదు. సెమినరీలో నాలుగు తత్త్వశాస్త్ర గ్రంథాలు చదివినవారికి కూడా ఆ ప్రశ్న సులువు కాదు. కాని 'ఇంకొక రోజు' అనే జవాబు ఎంతమంది పిల్లలకు చివరి జవాబు అవుతున్నదో గురువులమైన మేము ఆలోచించవలసి ఉన్నది.

ఇక్కడ కొంచెం శాస్త్రం. 1985లో సైమన్ బారన్-కోహెన్, అలన్ లెస్లీ, ఊటా ఫ్రిత్ అనే ముగ్గురు పరిశోధకులు లండన్‌లో ఒక చిన్న పరీక్ష చేశారు. రెండు బొమ్మలు, సాలీ, ఆన్. సాలీ తన గోలీని బుట్టలో పెట్టి బయటికి పోతుంది. ఆన్ దాన్ని తీసి పెట్టెలో వేస్తుంది. తిరిగి వచ్చిన సాలీ గోలీ కోసం ఎక్కడ వెదుకుతుంది? బుట్టలో అనాలి, ఎందుకంటే మార్చిన సంగతి ఆమెకు తెలియదు. ఆటిజం ఉన్న 20 మంది పిల్లల్లో 16 మంది పెట్టెలో అన్నారు. తనకు తెలిసింది ఎదుటివారికి తెలియకపోవచ్చునని ఊహించడం వారికి కష్టమని పరిశోధకులు తేల్చారు. నవలలో క్రిస్టఫర్ కూడా చిన్నప్పుడు ఇటువంటి పరీక్షలో తప్పు జవాబు చెప్పాడు.

చాలా ఏళ్ళు కథ అక్కడే ఆగింది. 2012లో డేమియన్ మిల్టన్ అనే సమాజశాస్త్రవేత్త, తానే ఆటిజం ఉన్న వ్యక్తి, ఒక ఎదురు ప్రశ్న వేశాడు. మా మనసులో ఏమున్నదో మీకు తెలుస్తున్నదా? అపార్థం రెండు వైపుల నుండీ ఉన్నప్పుడు లోపం ఒకరిదే అని ఎట్లా అంటారు? ఈ ప్రశ్న న్యాయమైనది. ఇట్లా చూస్తే హాడన్ నవల మనకు పెట్టిన సాలీ-ఆన్ పరీక్ష. క్రిస్టఫర్‌కు తెలిసినది మనకు తెలియదు, మనకు తెలిసినది అతడికి తెలియదు. కుక్కను చంపింది తండ్రేనన్న అనుమానం మనకు ముందే వస్తుంది, పిల్లవాడికి రాదు. అతడు దేనికి హడలిపోతున్నాడో మనకు అర్థమవుతుంది, కథలోని పెద్దలకు కాదు. రెండు మనసుల మధ్య నిలబడి చదవవలసి వస్తుంది.

నవలలు చదివితే ఎదుటివారి మనసు గ్రహించే శక్తి పెరుగుతుందని 2013లో 'సైన్స్' పత్రికలో కిడ్, కస్టానో అనే ఇద్దరు ఒక పరిశోధన ప్రచురించారు. 2016లో మరికొందరు అదే ప్రయోగాన్ని తిరిగి చేస్తే ఆ ఫలితం రాలేదు. కనుక ఒక పుస్తకం చదివి లేవగానే మనం మంచివారమైపోతామని నేను చెప్పడం లేదు. నవల మందు బిళ్ళ కాదు. పునీత ఎడిత్ స్టయిన్ గారు 1916లో తన డాక్టరేటు సిద్ధాంత గ్రంథాన్ని ఈ విషయం మీదనే, ఎదుటివారి అనుభవం మనకు ఎట్లా తెలుస్తుంది అనే దాని మీదనే సమర్పించారు. ఆమె తరువాత కార్మెల్ మఠంలో చేరి, 1942లో ఆష్విట్జ్‌లో చంపబడ్డారు. ఆమె వాదన సారాంశం ఇది: ఎదుటివాడి బాధ నా బాధగా మారిపోదు. అది అతడిదిగానే ఉంటుంది. అయినా అతడిదిగానే నేను దాన్ని గ్రహించగలను. పుస్తకం చదివి 'నాకు ఆటిజం అంటే ఏమిటో తెలిసింది' అనేవారికి ఈ హెచ్చరిక అవసరం.

తల్లిదండ్రుల సంగతికి వద్దాము. మన ఊళ్ళలో ఇటువంటి బిడ్డ పుడితే మొదటి వేలు తల్లి వైపే చూపుతారు. గ్రహణం నాడు బయటికి పోయింది. కాన్పు కాగానే పనికి పోయింది. సెల్‌ఫోను చేతికిచ్చింది. గాలి సోకింది, తాయెత్తు కట్టించలేదు. ఇది చదువురానివారి మాట అనుకోకండి. చదువుకున్న అమెరికాలోనూ ఇదే జరిగింది. 1943లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను వర్ణించి ఈ పరిస్థితిని లోకానికి తెలిపాడు. ఆ తరువాత రెండు దశాబ్దాలకు పైగా, తల్లి ప్రేమ చల్లబడినందుకే పిల్లలు ఇట్లా అవుతారన్న సిద్ధాంతం రాజ్యమేలింది. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో దాన్నే పెద్ద పుస్తకంగా రాశాడు. ఎందరు తల్లులు ఆ మాట నమ్మి కుమిలిపోయారో! ఆటిజం ఉన్న కుమారునికి తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ అప్పటికే, 1964లో, ఇది పుట్టుకతో మెదడుకు సంబంధించినదని వాదించాడు. 1977లో ఫోల్‌స్టీన్, రట్టర్ 21 జతల కవలలను పరిశీలించి వంశపారంపర్య కారణాలను చూపారు. తల్లి మీది నింద శాస్త్రంలో అట్లా కొట్టుపడిపోయింది. పుట్టుగుడ్డివానిని చూసి పాపము చేసినది వీడా, వీని తల్లిదండ్రులా అని శిష్యులడిగితే, ఇద్దరూ కాదని క్రీస్తునాథుడు చెప్పిన సంగతి యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో మనం తపస్సుకాలంలో వింటూనే ఉన్నాము.

నవల ఈ విషయంలో ఎవరినీ దేవతలను చేయలేదు. అది నాకు నచ్చింది. క్రిస్మస్ ముందు కొడుకును బజారుకు తీసుకుపోయిన రోజును తల్లి ఉత్తరంలో రాస్తుంది. జనాన్ని చూసి పిల్లవాడు చెవులు మూసుకొని కేకలు పెట్టాడు. అందరూ చూస్తున్నారు. బస్సెక్కనన్నాడు. ఇంటిదాకా నడిచే వచ్చారు. తనకు భర్తకున్న ఓర్పు లేదని ఆమె ఒప్పుకుంటుంది. చివరికి వెళ్ళిపోయింది. ఓర్పు ఉన్న తండ్రి వంట చేస్తాడు, బడివాళ్ళతో కొట్లాడతాడు, అదే చేతితో ఒక రోజు కొడుకును కొడతాడు, రెండేళ్ళు అబద్ధం ఆడతాడు. వీరు చెడ్డవారు కారు. అలసిపోయినవారు. పక్కన నిలబడి ఒక్క గంట పిల్లవాడిని చూసుకొనే మనిషి ఆ ఇంటికి లేదు. మన దగ్గర అత్తలు, పిన్నులు, అమ్మమ్మలు ఉన్నారు గదా అంటారు. ఉన్నారు. సలహా చెప్పడానికి అందరూ ఉన్నారు.

అందుచేత నిందకు బదులు దారి చెప్పండి. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. అంగన్‌వాడీల్లో, బడుల్లో పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుండి ఉన్నది. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ ఇటువంటి పిల్లల పరీక్షకు, శిక్షణకు మన రాష్ట్రంలోనే ఉన్నది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. సదరం శిబిరానికి తీసుకుపోయే తల్లి వెంట సంఘం నుండి ఒకరు పోతే, ఆ రోజు ఆమె వరుసలో ఒంటరిగా నిలబడనవసరం లేదు.

ఒక జాగ్రత్త. క్రిస్టఫర్ చక్కగా మాట్లాడతాడు, లెక్కల్లో దిట్ట. ఆటిజం ఉన్నవారందరూ అట్లా ఉండరు. అసలు మాటే రాని బిడ్డలున్నారు. లెక్కల్లో దిట్టలు కానివారే ఎక్కువ. సినిమాలు చూసి 'మీవాడికి ఏ విద్య ఉన్నది' అని తల్లిని అడగకండి, ఆ ప్రశ్న ఆమెకు ఇంకొక గాయం. రచయిత తాను ఆటిజం నిపుణుడిని కానని చెప్పుకున్నాడు, అతనికి ఆటిజం లేదు. అందువలన నవల తరువాత ఆ అనుభవం ఉన్నవారే రాసినవి చదవడం మంచిది. పశువులశాలల రూపశిల్పిగా పేరు పొందిన టెంపుల్ గ్రాండిన్ 1986లోనే తన జీవితకథ ప్రచురించింది.

క్రిస్టఫర్ అంటే గ్రీకులో క్రీస్తును మోసినవాడు. బాలయేసును భుజాన పెట్టుకొని ఏరు దాటించిన పునీత క్రిస్టఫర్ గారి కథ మీకు తెలుసు. మంచి పేరు, దయగల వాని పేరు అని తల్లి చెబుతుంది. పిల్లవాడు ఒప్పుకోడు. తన పేరుకు దయ గురించిన కథ అర్థం కావడం అతడికి ఇష్టం లేదు, ఆ పేరుకు అర్థం తానే కావాలి. ఈ చోట నేను చాలాసేపు ఆగిపోయాను. ఇటువంటి బిడ్డలకు మనం భక్తితో ఎన్ని పేర్లు పెడుతున్నాము! దేవుని పరీక్ష, తల్లికి సిలువ, ఇంటికి వచ్చిన దేవదూత. ప్రసంగాల్లో కూడా వింటున్నాము. మాటలన్నీ మంచివే, కాని అన్నిటిలోనూ బిడ్డ మనకేదో మోసుకొచ్చేవాడే. వాడికి ఏ కూర ఇష్టం, ఏ రంగు గిట్టదు, ఏ పాట వింటే నవ్వుతాడు అని అడిగినవారు ఎంతమంది?

నవలలో క్రిస్టఫర్‌కు కౌగిలింత భరించరానిది. తండ్రి, కొడుకు చేతివేళ్ళు విసనకర్రలా విప్పి వేళ్ళ కొసలు తాకించుకుంటారు. ప్రేమిస్తున్నానని చెప్పడానికి వారి మధ్య అదే గుర్తు. మన పూజలో సమాధానం చెప్పుకొనేటప్పుడు ఎట్లాగూ చేతులు జోడిస్తాము. ఆ కొద్ది దూరం ఇటువంటి బిడ్డలకు హాయి. బుగ్గ గిల్లవలసిన పని లేదు.

పుస్తకం ఇంగ్లీషు చాలా సులువైనది. డిగ్రీ చదివే మీ పిల్లలు చదివి, యువజన సమావేశంలో వారానికి కొంత తెలుగులో చెప్పవచ్చు. తల్లి ఉత్తరాలు దొరికే దగ్గర ఒక వారం ఆపి, తండ్రి చేసింది తప్పా అని అందరినీ అడగండి. పెద్దల నోట బూతు మాటలు చాలా ఉన్నవి, అవి వదిలి చెప్పండి. మొదటి అధ్యాయానికి 2 అని, తరువాతి దానికి 3, ఆ తరువాత 5, 7, 11 అని అంకెలుంటాయి. పుటలు చినిగిపోయాయని దుకాణదారుతో తగవు పడకండి. క్రిస్టఫర్‌కు ప్రధాన సంఖ్యలంటే ఇష్టం కనుక అధ్యాయాలకు అవే పెట్టుకున్నాడు. చివర అనుబంధంలో అతడు పరీక్షలో చేసిన లంబకోణ త్రిభుజం లెక్క కూడా ఉన్నది. పైథాగరస్ సిద్ధాంతం వచ్చిన పదవ తరగతి పిల్లలు దాన్ని చేసి చూడవచ్చు.